మా నోట్లకు తమాది ఎందుకు పట్టదు?

మొన్న తీజ్ పండుగకు తండాకు పోయినప్పుడు మేం నలుగురం కూసొని మా ఇంటి రేకుపెట్టె తెరిచినం. అందులో యాడి కాంచళి కింద మడిచిపెట్టిన మూడు కాగితాలు దొరికినయి. మూడూ ప్రామిసరీ నోట్లే. మొదటి రెండింటిని రెవెన్యూ స్టాంపు దగ్గర అడ్డంగా చింపి బాపు చేతిలో పెట్టిన్రు. మూడోది నోటు కాదు, దావాతో వచ్చిన నకలు. మొదటి దాని మీద 2011 మే నెల, 20,000 రూపాయలు. రెండోదాని మీద 2014 మే, 41,600. మూడోదాని మీద 2017 మే, 86,500. మూడింటి మీదా బాపు వేలిముద్ర ఉంది. మూడింటి మీదా రాత వేరే వాళ్లది.

బాపును అడిగినం, ఎన్నిసార్లు అప్పు తెచ్చినవని. "ఒక్కసారే బిడ్డా. బోరు వేయించినప్పుడు" అన్నడు.

ఒక్కసారి తెచ్చిన 20,000 మూడు నోట్లు ఎట్లా అయింది? నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకు 600. మూడేళ్లకు 21,600. నెలలు నిండకపోయినా నిండినట్టే లెక్క. అసలుతో కలిపి 41,600. అది కొత్త అసలు. దాని మీద మళ్లీ మూడేళ్లు, మళ్లీ 44,928. పైన చిల్లర వదిలేసి 86,500. ఆ చిల్లర వదిలేసినందుకు బాపు ఆయనకు దండం కూడా పెట్టిండట. మధ్యలో రెండేళ్లు పత్తి అమ్మిన పైసలు తెచ్చి ఆయన చేతిలోనే పోసినం. ఆ పైసలకు ఏ నోటు వెనకా చెల్లు లేదు.

ఈ వ్యాసం మా ఇంటి గోడు చెప్పుకోవడానికి రాయడం లేదు. రామన్నపేట బజారుకు విత్తనాలకో, మందు డబ్బాలకో, ఆస్పత్రికో వచ్చే మా తండాల మనుషుల్లో ఇట్లాంటి రేకుపెట్టె లేని ఇల్లు మాకు కనబడలేదు కాబట్టి రాస్తున్నం. మాకు అర్థం కానిది ఒకటి ఉంది. అప్పుకు గడువు పెట్టిన చట్టం ఈ దేశంలో ఉంది. మూడేళ్లు దాటిన నోటు మీద దావా వేస్తే కోర్టు కొట్టేయాలని ఆ చట్టమే చెప్తది. మరి మా నోట్లకు ఆ గడువు ఎందుకు పట్టదు?

పుస్తకాల్లో దీన్ని కాలదోషం అంటరు. కచేరీల్లో తరతరాలుగా నడుస్తున్న మాట తమాది. "నోటు తమాది అయింది" అంటే ఆ నోటు పట్టుకొని కోర్టు మెట్లు ఎక్కలేవని. ఇప్పుడున్నది 1963 నాటి కాలపరిమితి చట్టం, 1964 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని వెనక పట్టికలో ఏ దావాకు ఎంత గడువో వరుసగా రాసి ఉంటది. చేబదులు ఇచ్చిన డబ్బుకు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లు. అడిగినప్పుడు ఇస్తానన్న ప్రామిసరీ నోటుకు నోటు మీది తేదీ నుంచి మూడేళ్లు. భూమి తాకట్టు పెట్టి తెచ్చిన అప్పుకు పన్నెండేళ్లు. నోటు రాసిన రోజును లెక్కలోకి తీసుకోరు. ఆఖరి రోజు కోర్టుకు సెలవైతే తెరిచిన రోజున వేయొచ్చు.

ఈ చట్టంలో సెక్షన్ 3 ఉంది. మా యువకులు, పంతుళ్లు దీన్ని నోటికి నేర్చుకోవాలె. గడువు దాటిన దావాను, ప్రతివాది ఆ మాట ఎత్తకపోయినా, కోర్టే కొట్టేయాలె అంటదది. అంటే నోరులేని మనిషి కోసం చట్టం తానే నోరు తెరిచింది. మిగతా చట్టాల్లో "నువ్వు చెప్పుకోలేదు కాబట్టి నువ్వు ఓడిపోయినవ్" అనే మాట మామూలు. ఇక్కడ అట్లా కాదు. దావాలో తేదీ చూడడం న్యాయమూర్తి పని.

ఇంత మంచి సెక్షన్ ఉండగా మేం ఎందుకు ఓడుతున్నం? ఎందుకంటే కోర్టు చూసేది నోటు మీది తేదీని. ఆ తేదీ రాసేది మేం కాదు.

మా వాళ్లు పైసలు తెచ్చుకునే రోజున నోటు ఖాళీగానే ఉంటది. అచ్చు ఫారం మీద స్టాంపు, స్టాంపు మీద వేలిముద్ర, కింద ఇద్దరు సాక్షులకు జాగా. పేరు, మొత్తం, వడ్డీ, తేదీ అన్నీ తర్వాత. "నమ్మకం లేదా?" అని అడుగుతడు ఇచ్చేటోడు. ఎరువుల బస్తా బండి మీద ఉంది, వాన మొగులు మీద ఉంది, నమ్మకం లేదని ఎట్లా అంటం? 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 20 ప్రకారం, స్టాంపున్న ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి చేతికిస్తే దాన్ని నింపుకునే అధికారం ఇచ్చినట్టే. సెక్షన్ 118 ప్రకారం నోటు మీద ఏ తేదీ ఉంటే ఆ తేదీనే రాసినట్టు, దాని వెనక డబ్బు చేతులు మారినట్టు కోర్టు ముందుగా అనుకుంటది. కాదని రుజువు చేసే బరువు మా నెత్తిన పడ్డది. 2011లో పెట్టిన వేలిముద్ర పైన 2013 తేదీ వేస్తే, తమాది రెండేళ్లు ముందుకు జరిగినట్టే. గడువు చట్టం నిలబడేది తేదీ మీద. తేదీ ఎవరి పెన్నులో ఉంటే చట్టం వాళ్లది.

రెండో దారి చెల్లు. సెక్షన్ 19 ప్రకారం గడువులోపల అసలులో గానీ వడ్డీలో గానీ కొంత కడితే, కట్టిన రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలు. అయితే ఒక షరతు ఉంది. ఆ చెల్లు కట్టిన మనిషి చేతిరాతలోనైనా ఉండాలె, లేదా దాని కింద ఆయన సంతకమైనా ఉండాలె. ఇచ్చేటోడు తన పెన్నుతో "ఈ రోజు 500 ముట్టినవి" అని రాసుకుంటే చెల్లదు. ఈ షరతు మావాళ్లకు తెల్వదు కానీ ఇచ్చేటోళ్లకు బాగా తెలుసు. అందుకే మూడేళ్లు నిండే నెలల్లో మనిషిని పంపుతరు. "ఏం లేదు నాయక్, ఓ ఐదొందలు ఇచ్చి వేలు పెట్టు, లెక్క సక్కగుంటది." లెక్క సక్కగుండడం అంటే ఏంటిదో మా బాపుకు ఇప్పుడు తెలిసింది. మేం లక్ష రూపాయల పత్తి పోసినప్పుడు చెల్లు రాయరు, ఎందుకంటే అది మా బాకీని తగ్గిస్తది. ఐదొందలు ఇచ్చినప్పుడు వెతుక్కుంటూ వచ్చి చెల్లు రాయిస్తరు, ఎందుకంటే అది వాళ్ల గడువును పెంచుతది.

మూడోది తిరగరాత. పాత నోటు చింపి కొత్త నోటు. ఇదే అసలు దెబ్బ. మామూలు వడ్డీతో మా 20,000 తొమ్మిదేళ్లకు 84,800 అయ్యేది. అదే తక్కువేం కాదు. తిరగరాతతో 1,79,920 అయింది. ఈ తేడా చక్రవడ్డీ. ఎవడూ నోటు మీద "చక్రవడ్డీ" అని రాయలేదు, మూడేళ్లకోసారి నోటు మార్చిన్రు, అంతే.

ఇందులో ఇంకో మాట ఉంది, మేం చదువుకున్న వాళ్లం కూడా చాన్నాళ్లు గుర్తుపట్టనిది. తిరగరాతకు కారణం ఇచ్చేటోడి దురాశ ఒక్కటే కాదు. గడువు చట్టమే ఆయన్ను మూడేళ్లకోసారి లేపి మా ఇంటికి పంపుతున్నది. ఇది ఈనాటి ముచ్చట కాదు. 1859లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన గడువు చట్టం అప్పు పత్రాలకు మూడేళ్లే ఆయుష్షు పెట్టింది. వడ్డీ కుప్పలు పడకుండా ఆపుదామని. దక్కన్‌లో షావుకార్లు దాన్ని తిరగేసిన్రు. మూడేళ్లు నిండగానే రైతును పిలిచి, మిగిలిన అసలునూ వడ్డీనీ కలిపి కొత్త పత్రం, దాని మీద మళ్లీ వడ్డీ. 1875 మే నెలలో పుణె జిల్లా సుపేలో రైతులు షావుకార్ల ఇళ్ల మీద పడి పద్దు పుస్తకాలూ అప్పు పత్రాలూ తగలబెట్టిన్రు. అహ్మద్‌నగర్ దాకా పాకింది. విచారణ సంఘం వేసి, 1879లో దక్కన్ రైతుల సహాయ చట్టం తెచ్చి, అక్కడి రైతుల మీది దావాలకు గడువును పెంచిన్రు. రిజిస్టరైన పత్రానికి పన్నెండేళ్లు, కాని దానికి ఆరేళ్లు. గడువు తక్కువైతే తిరగరాత ఎక్కువైతదని ఆ దొరలకు కూడా అర్థమైంది. ఈ పాఠం పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ చరిత్ర పుస్తకంలో ఉంది. మా తండాల పిల్లలు పరీక్ష కోసం చదివి మార్కులు తెచ్చుకుంటరు. ఇంటికొచ్చి రేకుపెట్టె తెరవరు. పంతుళ్లారా, ఆ పాఠం చెప్పేనాడు పిల్లల్ని ఇంట్లో చింపిన నోట్లు ఉన్నయేమో వెతకమని చెప్పండి. సుపే ఎంత దూరంలో ఉందో వాళ్లకే తెలుస్తది.

మూడేళ్ల గడువు దండగ, తీసేయాలె అని మేం అనడం లేదు. గడువు లేకపోతే తాత వేలిముద్ర మనవడి మెడకు చుట్టుకుంటది. వెట్టి, నాగు వడ్డీలు తిన్న ఈ నేల మీద అట్లాంటి తాతల కథలు ప్రతి తండాలో ఉన్నయి. మా కొట్లాట గడువుతో కాదు. చదువొచ్చి, చేతిలో క్యాలెండర్ ఉన్న మనిషిని ఎదురుగా పెట్టుకొని రాసిన చట్టాన్ని, వేలిముద్ర మనిషికి తొడుగుతున్నరు. దాంతోనే మా కొట్లాట.

కరోనా వచ్చినప్పుడు ఇంకో విచిత్రం జరిగింది. మా బాపు మూడో నోటు 2020 మేలో తమాది కావాలె. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని దేనికీ గడువులో లెక్కించొద్దని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ మధ్యలో గడువు తీరేవాటికి 2022 మార్చి 1 నుంచి 90 రోజులు ఇచ్చింది. కోర్టులు మూతపడినయి, జనం కదలలేదు, సరే, న్యాయమే. బాపు మీద దావా 2022 మే నెలలో పడ్డది. ఐదేళ్ల నోటు, గడువులోనే ఉంది. కానీ ఆ రెండేళ్లు వడ్డీని ఎవరు ఆపిన్రు? హైదరాబాదు అడ్డాల మీద పని లేక మా వాళ్లు మూటలు నెత్తిన పెట్టుకొని తండాలకు నడిచొచ్చిన రోజులకు కూడా నెలకు 2,595 చొప్పున వడ్డీ కట్టిన్రు. దావా మొత్తం 2,42,200. బోరు ఎండిపోయి ఆరేళ్లు.

సమను వచ్చిన రోజున బాపు దాన్ని పోలీసు కాగితం అనుకున్నడు. యాడి కాంచళి కింద పెట్టిండు. మాకు చెప్పలేదు. చదువుకునే పిల్లలకు బుగులెందుకని. ఇది ఆయన ఒక్కడి తప్పు కాదు, మా తండాల్లో కోర్టు కాగితమంటే దాచిపెట్టేదే. జవాబు దావా వేయడానికి చట్టం 30 రోజులిస్తది, కోర్టు కారణం చూసి 90 రోజుల దాకా పొడిగిస్తది. ఎవరూ పోకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ. డిక్రీ అయితే మూడేళ్ల ముచ్చట ముగిసినట్టే. డిక్రీని అమలు చేసుకోవడానికి పన్నెండేళ్లు. మూడేళ్లలో చావాల్సిన నోటు, ఒక్క సమను దాచిపెడితే పన్నెండేళ్ల ఆయుష్షు పోసుకుంటది.

ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయమని డిక్రీ రోజు నుంచి 30 రోజుల్లో దరఖాస్తు పెట్టుకోవాలె. సమను సక్రమంగా అందకపోతే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు. మాకు తెలిసింది జప్తు నోటీసు వచ్చినంకనే. సమను అందింది కాబట్టి మొదటి లెక్కే మాకు వర్తిస్తది. ఆలస్యాన్ని మన్నించమని సెక్షన్ 5 కింద ఇంకో దరఖాస్తు జతచేసినం. ఈ సెక్షన్ 5 దరఖాస్తులకే గానీ దావాలకు పనికిరాదని గుర్తుంచుకోండి. ఇచ్చేటోడు ఒక్కరోజు ఆలస్యంగా దావా వేసినా మన్నింపు లేదు. మా దరఖాస్తు ఇంకా నడుస్తున్నది. రామన్నపేట స్టేషన్‌లో రైలు దిగి కోర్టు దారి పట్టిన ప్రతిసారీ ఈ లెక్క మేం మళ్లీ వేసుకుంటం.

ఇప్పుడు మా పెద్దమనుషుల మాట. "తిన్నది కక్కాలె. తమాది పేరు చెప్పి అప్పు ఎగ్గొట్టుడు గోర్‌మాటీ మర్యాద కాదు" అంటరు. సేవాలాల్ మారాజ్ పేరు కూడా ఎత్తుతరు. వాళ్ల మాటను మేం తేలిగ్గా కొట్టెయ్యం. పక్కింటి భియా ఆపతిలో వడ్డీ లేకుండా ఇచ్చిన చేబదులు, మూడేళ్లు కాదు ముప్పై ఏళ్లయినా తీర్చాలె. తీర్చొద్దని చట్టం కూడా అనదు. తమాది వల్ల బాకీ చచ్చిపోదు, కోర్టు తలుపు మాత్రమే మూసుకుంటది. తమాది అయిన బాకీని ఎవరైనా తమంతట తాము కడితే అది చెల్లుతది, తిరిగి ఇమ్మని అడగలేరు. కాబట్టి మర్యాదకు చట్టం అడ్డం రాలేదు. కానీ 20,000 ఇచ్చి పత్తి రూపంలో దాన్ని ఎప్పుడో రాబట్టుకొని, 2,42,200కు దావా వేసిన మనిషి దగ్గర మా మర్యాద ఏం కాపాడుకోవాలె? బాకీ తీర్చే మర్యాద ఒక్క పక్కనే ఎందుకుండాలె? చెల్లు రాసే మర్యాద, తేదీ వేసే మర్యాద, లెక్క చూపే మర్యాద ఎవరికీ లేవా?

ఈ మర్యాద మాటను పట్టుకొనే ఇంకో ఉచ్చు వేస్తరు. నోటు నిజంగానే తమాది అయిపోయిందనుకోండి. నాలుగేళ్లయింది. అప్పుడు మెత్తగా వస్తరు. "కోర్టు లేదు గీర్టు లేదు, నీ మాట మీదనే నమ్మకం, చిన్న కాగితం రాసియ్యి చాలు" అంటరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25లో, తమాది అయిన బాకీని కడతానని రాసి సంతకం పెడితే అది కొత్త ఒప్పందం అయితదని ఉంది. చచ్చిన నోటు లేచి కూసుంటది. బ్యాంకుల దగ్గర కూడా ఇదే పని వేరే పేరుతో నడుస్తది. రెన్యువల్ అని, బాకీ ఒప్పుకోలు పత్రం అని మూడేళ్లలోపు ఒకటి తీసుకుంటరు. బ్యాంకు అప్పు తిరగరాస్తే తక్కువ వడ్డీకి, రాయితీకి లాభముండొచ్చు, అందుకని దాన్ని షావుకారు నోటుతో ఒకే గాటన కట్టం. కానీ వేలు పెట్టే ముందు అది ఏ కాగితమో అడగాలె గదా. ఫైనాన్సు కంపెనీలైతే చెన్నై నుంచో ముంబై నుంచో ఆర్బిట్రేషన్ నోటీసు పంపుతయి. అది కోర్టు కాదని పక్కన పడేయొద్దు. అక్కడ కూడా ఇదే గడువు చట్టం వర్తిస్తది, తమాది అయిందని అక్కడే చెప్పాలె.

ఇక ప్రభుత్వాల సంగతి. మేం షెడ్యూల్డ్ తెగలం. తెలంగాణ లంబాడీలకు ఆ గుర్తింపు 1976 నాటి సవరణ చట్టంతో వచ్చింది. కానీ నల్లగొండ మైదానంలోని మా తండాలు షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారుల మీద 1960 నుంచీ ప్రత్యేక రెగ్యులేషన్ ఉంది. భూమి బదలాయింపుల మీద 1959 నాటి 1వ రెగ్యులేషన్, దానికి 1970 సవరణ ఉన్నయి. అమ్రాబాద్ అడవిలో చెంచు అన్నకు కాగితం మీదనన్నా ఆ గొడుగు ఉంది. రాచకొండ గుట్టల కింద మాకు అది కూడా లేదు. మనిషి షెడ్యూల్డ్, ఆయన నిలబడ్డ నేల మాత్రం కాదు. వడ్డీ మనిషికి పడుతున్నదా, నేలకు పడుతున్నదా? మైదాన ప్రాంత తండాలకూ అప్పుల రక్షణ చట్టం కావాలని మేం అడుగుతున్నది ఇందుకే. తిరగరాసిన నోటుకు మొదటి నోటు తేదీనే లెక్కించాలె. మొదటి నోటును దావాలో పెట్టకపోతే దావా చెల్లొద్దు. ఈ రెండు మాటలు చట్టంలో రాస్తే చాలు, సగం రేకుపెట్టెలు ఖాళీ అయితయి.

కొత్త చట్టం వచ్చేదాకా ఉన్నవాటిని వాడుకోవాలె. నిజాం కాలంలో వచ్చి ఇప్పటికీ పుస్తకంలో ఉన్న చట్టం ఒకటుంది, తెలంగాణ ప్రాంత వడ్డీ వ్యాపారుల చట్టం, 1349 ఫసలీ. వడ్డీ వ్యాపారం చేసేటోడికి లైసెన్సు ఉండాలె, లేకపోతే ఆయన దావాను కొట్టేయాలె అంటదది. మరి ఎందుకు కొట్టేయడం లేదు? "నేను వ్యాపారిని కాదు, తెలిసిన మనిషని ఒక్కసారి ఇచ్చిన" అని వాది చెప్తడు. ఒకటి రెండు అప్పులు వ్యాపారం కాదని కోర్టులంటయి. రుజువు మా మీద పడ్డది. అయితే ఈ రోజుల్లో ఆ రుజువు ఫోన్‌లోనే ఉంది. ఈ-కోర్టుల వెబ్‌సైటులో వాది పేరు కొట్టి చూడండి. ఒకే మనిషి ఎన్ని తండాల మీద ఎన్ని నోట్ల దావాలు వేసిండో వరుస బయటపడ్తది. ఇన్‌స్టా రీళ్లకు పోయే టైములో పదోవంతు చాలు.

జప్తు అంటే కూడా మా వాళ్లు ఇల్లంతా పోతదనుకుంటరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ప్రకారం రైతు ఉంటున్న ఇల్లు, వ్యవసాయ పనిముట్లు, సేద్యానికి కావాల్సిన పశువులు, విత్తనం జప్తు చేయరాదు. లావాణి పట్టా భూమిని కోర్టు డిక్రీ మీద అమ్మినా చెల్లదని 1977 నాటి అసైన్డు భూముల చట్టం చెప్తది. అప్పు కట్టలేని పేదరికం నేరం కాదని, ఉండి ఎగ్గొడితేనే తప్ప మనిషిని సివిల్ జైల్లో పెట్టకూడదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన్రు. పాలమూరు నుంచి మేస్త్రీ అడ్వాన్సు తీసుకొని పోయి వెట్టిలో చిక్కిన వాళ్లకైతే గడువు లెక్కే అక్కర్లేదు. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ఆ బాకీనే మొత్తంగా రద్దు చేసింది, దాని మీద దావా కూడా పడదు.

ఇవన్నీ ఎవరు చెప్పాలె? వకీలు ఫీజు అంటే వెనక్కి తిరిగే మనిషికి, షెడ్యూల్డ్ తెగల వాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టంలో ఉందని ఎవరు చెప్పాలె? తండాలో మొదట ఉద్యోగమొచ్చింది ఎవరికి? పంతులుకు. అందుకే ఈ మాట మీకు.

మీకే ఇంకో మాట కూడా చెప్పాలె, కోపం రావచ్చు. ఈ మధ్య తండాల్లో నూటికి మూడు రూపాయలకు ఇచ్చేటోళ్లలో మన వాళ్లే ఉన్నరు. నెల జీతం వచ్చేటోళ్లు, రిజర్వేషన్‌తో చదివి ఉద్యోగం చేస్తున్నోళ్లు. బజారు షావుకారు నేర్పిన ఖాళీ నోటు, చెల్లు, తిరగరాత అన్నీ మనోళ్ల బల్లల సొరుగుల్లోకి వచ్చినయి. కోర్ షావుకారు మీద వ్యాసం రాయడం సులువు. సభలో చప్పట్లు కూడా పడ్తయి. అదే పని గోర్ చేస్తే ఏం రాయాలె? మేం రాసేది అదే: తేదీ లేని నోటు మీద వేలిముద్ర పెట్టించుకున్నది ఎవరైనా షావుకారే. ఈ పుస్తకం చదివే వాళ్లలో అట్లాంటి నోటు దగ్గరున్న వాళ్లెవరైనా ఉంటే, ఈ ఆదివారం పోయి, ఆ మనిషి ముందే కూసొని, ఇచ్చిన నాటి తేదీ వేసి, వచ్చిన పైసలన్నిటికీ వెనక చెల్లు రాసి, ఒక నకలు వాళ్లకియ్యండి.

గడువు మా మీద కూడా నడుస్తదని మరవొద్దు. గుత్తేదారు ఎగ్గొట్టిన కూలికి మూడేళ్లే. పత్తి తీసుకొని పైసలియ్యని వ్యాపారి మీద దావాకు మూడేళ్లే. మా వాళ్లు ఆ బాకీలను దేవుని మీద వదిలేస్తరు. ఇచ్చేటోడు మాత్రం మా బాకీని ఒక్కరోజు కూడా దేవునికి వదలడు. మేస్త్రీ ఇయ్యాల్సిన కూలికి ఒక చీటీ అడిగి తీసుకున్న మనిషి మా తండాలో ఇంకా లేడు.

తీజ్ అయిన తెల్లారి మేం నలుగురం చేసిన పని ఇది. ఇంటింటికీ పోయి రేకుపెట్టెలు తెరిపించినం. చింపిన నోట్లన్నీ తేదీల వరుసలో పేర్చి, ఒక నోట్‌బుక్కులో ఎక్కించినం. ఎవరి పేరు, మొదటి నోటు ఎప్పుడు, ఇప్పుడున్నది ఎప్పటిది, మూడేళ్లు ఎప్పుడు నిండుతయి, ఏ సాక్షి సంతకాలు మళ్లీ మళ్లీ వస్తున్నయి. సాక్షుల పేర్లు రాస్తుంటే రెండే పేర్లు తిరిగి తిరిగి వచ్చినయి. ఆ ఇద్దరూ మా తండా మనుషులు కాదు, మా తండాకు ఎప్పుడూ రాలేదు. మా దరఖాస్తు వాయిదాకు ఆ నోట్‌బుక్కును వకీలు చేతికిచ్చినం. నకలు ఒకటి బడిలో పంతులు దగ్గర ఉంది. వచ్చే మే నెలలో ఐదు ఇళ్ల నోట్లకు మూడేళ్లు నిండుతయి. ఏప్రిల్ నుంచే మనిషి తిరగడం మొదలుపెడతడు, ఐదొందలకు చెల్లు రాయించుకోవడానికి. ఆ ఐదిళ్ల తలుపుల వెనక తేదీ సున్నంతో రాసి వచ్చినం.